భారత ఫుట్‌బాల్ జట్టు ఒకప్పుడు ఆసియాలో నిజంగా మేటి జట్టేనా? దాని రికార్డును ఎలా చదవాలి?

ప్రశ్న: తార్నాక పాఠకుడు

సభ్యులందరికీ నమస్కారం. 2024 సెప్టెంబరు 9న గచ్చిబౌలి స్టేడియంలో భారత్, సిరియా జట్ల మధ్య జరిగిన ఇంటర్‌కాంటినెంటల్ కప్ మ్యాచ్‌కు మా అబ్బాయిని వెంటబెట్టుకొని వెళ్లాను. వాడు స్టేడియంలో కూర్చుని చూసిన మొదటి అంతర్జాతీయ మ్యాచ్ అదే. మన జట్టు 0-3తో ఓడిపోయింది. అంతకు ఆరు రోజుల ముందు అదే మైదానంలో మారిషస్‌తో ఆడిన మ్యాచ్‌లో ఇరువైపులా ఒక్క గోల్ కూడా పడలేదు. తిరిగి వస్తూ దారిలో వాడు, "నాన్నా, మనవాళ్లు ఎప్పుడైనా పెద్ద జట్టు మీద గెలిచారా?" అని అడిగాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు.

ఇంటికి వచ్చాక మా నాన్నగారు ఆ ప్రశ్న విని, "మన జట్టు జపాన్‌నూ, దక్షిణ కొరియానూ ఒకే టోర్నమెంటులో ఓడించింది. ఆ జట్టును తయారుచేసిన కోచ్ మన హైదరాబాదులో బడిపంతులు" అని చెప్పారు. ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు, యౌవనంలో సాయంత్రాలన్నీ మైదానాల్లోనే గడిపిన మనిషి. కానీ మా అబ్బాయికి తెలిసిన జపాన్ ప్రపంచకప్‌లో ఆడే జపాన్. అందుచేత తాతయ్య కథ చెబుతున్నాడనే వాడు అనుకున్నాడు. ఇప్పుడు వాడి బడిలో గోడపత్రిక కోసం పిల్లలందరూ ఒక్కొక్క వ్యాసం రాయాలట. వాడు భారత ఫుట్‌బాల్ జట్టు గురించి రాస్తానని పేరిచ్చి వచ్చాడు.

నాన్నగారి మాట ఎంతవరకు నిజం? ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, ఆసియా క్రీడల్లో స్వర్ణాలు అని అందరూ చెప్పే ఆ రికార్డును అభిమానంతో కాకుండా న్యాయంగా ఎలా తూచాలి? ఆ జట్టులో మన ఊరి భాగం నిజంగా ఎంత? తెలిసిన పెద్దలు వివరించగలరని మనవి.

జవాబు: బొల్లారం పెద్దాయన

మీ నాన్నగారు చెప్పింది అక్షరాలా నిజం. ఆయన చెప్పిన టోర్నమెంటు 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలు. అప్పుడు నాకు పన్నెండేళ్లు. ఆ ఫలితం పత్రికలో చదివి మా వీధిలో పెద్దవాళ్లు ఒకరినొకరు పిలుచుకొని మాట్లాడుకోవడం నాకు ఇంకా గుర్తుంది.

ఆ కథను మొదటి నుంచీ చెబితేనే మీ అబ్బాయికి బాగా అర్థమవుతుంది, ఎందుకంటే అది ఓటమితో మొదలైంది. మన జట్టు తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. తరువాత థాయ్‌లాండ్ మీద 4-1తో, జపాన్ మీద 2-0తో గెలిచి సెమీఫైనల్ చేరింది. థాయ్‌లాండ్‌తో ఆడిన మ్యాచ్‌లో రక్షణ వరుసకు మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రక్షణలో బంతి కోసం తల పెట్టి పోరాడవలసిన మనిషిని ఆ స్థితిలో అక్కడ ఆడించడం ప్రమాదమని, బయట కూర్చోబెట్టడం నష్టమని ఆలోచించి కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఆయనను ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. దక్షిణ వియత్నాంతో సెమీఫైనల్ 3-2తో గెలిచాం. జర్నైల్ అందులో ఒక గోల్ చేశారు, ఫైనల్లో మరొకటి చేశారు.

సెప్టెంబరు 4న జరిగిన ఆ ఫైనల్లో ఎదుటి జట్టు మళ్లీ దక్షిణ కొరియాయే. సుమారు లక్షమంది ప్రేక్షకులు మన మీద కోపంగా ఉన్నారు. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని మన దేశానికి చెందిన క్రీడాధికారి జి.డి. సోంధీ తప్పుపట్టడం ఆ కోపానికి కారణం. మన జాతీయ గీతం మొదలవగానే కేకలతో స్టేడియం దద్దరిల్లిందని ఆ ఆటగాళ్లు తరువాత చెప్పారు. అంతటి గోలలో పి.కె. బెనర్జీ, జర్నైల్ తొలి అరగంటలోనే చెరొక గోల్ చేశారు. కొరియా ఆట చివర్లో ఒకటి తిరిగి చేసినా 2-1తో స్వర్ణం మనదైంది. చునీ గోస్వామి కెప్టెన్. గోల్ దగ్గర మన పీటర్ తంగరాజ్, ముందు వరుసలో మన తులసీదాస్ బలరామ్, వాళ్ల వెనుక మన యూసుఫ్ ఖాన్ ఉన్నారు. "మన" అనే మాటను ఇక్కడ హైదరాబాదు అనే అర్థంలోనే వాడుతున్నాను.

రహీం సాహెబు 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ ప్రాంతాల బడులలో ఉపాధ్యాయులుగా పనిచేశారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు, 1950లో సిటీ పోలీస్ జట్టు శిక్షణను చేపట్టారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. 1950లోనే ఢిల్లీలో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ కూడా తెచ్చింది. కలకత్తా వాళ్లకు తప్ప ఫుట్‌బాల్ ఎవరికీ రాదనుకునే రోజుల్లో అది చిన్న సంగతి కాదు.

బలరామ్ అమ్ముగూడలో పుట్టిన పేదింటి కుర్రవాడు. రహీం ఆయన ఆట చూసి శిక్షణకు రమ్మంటే, సికింద్రాబాదు అవతలి నుంచి రోజూ రావడానికి డబ్బు లేదని చెప్పారట. సైకిలు అద్దెకు రహీం తానే డబ్బులిచ్చి రప్పించుకున్నారు. ఆ కుర్రవాడే తరువాత రెండు ఒలింపిక్స్ ఆడాడు. రహీం జకార్తా నుంచి తిరిగి వచ్చిన తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఈ మాట కూడా మీ అబ్బాయి వ్యాసంలో ఉండాలని నా కోరిక.

జవాబు: లెక్కల పుస్తకం

పెద్దాయన గారు చెప్పిన ప్రతి వాక్యంతోనూ నేను ఏకీభవిస్తాను. అయితే ప్రశ్న అడిగినవారు న్యాయంగా తూచమన్నారు కాబట్టి తక్కెడలో రెండో పళ్లెం కూడా పెట్టాలి.

ముందుగా ఒలింపిక్స్ చూద్దాం. 1948 నుంచి 1960 వరకు నాలుగు ఒలింపిక్స్‌లోనూ మన జట్టు ఆడింది. ఆ నాలుగింటిలో మైదానంలో ఆడిన మ్యాచ్‌లు మొత్తం 8. వాటిలో గెలిచింది ఒకటి, డ్రా ఒకటి, ఓడినవి 6. చేసిన గోల్స్ 10, ఇచ్చినవి 27. ఈ అంకెలు చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తాయి, ఎందుకంటే మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం అనే మాట వినగానే వరుస విజయాలు మన కళ్లముందు కదులుతాయి. నిజానికి 1956లో పాల్గొన్నవి 11 జట్లే. తొలి రౌండ్‌లో హంగరీ రాకపోవడంతో మనకు వాకోవర్ దొరికింది. క్వార్టర్‌ఫైనల్లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించాం, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ చేశారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఒక ఆసియా ఆటగాడు హ్యాట్రిక్ చేయడం అదే మొదటిసారి. సెమీఫైనల్లో యుగోస్లావియా మీద ముందు గోల్ చేసింది మనవాళ్లే అయినా చివరకు 1-4తో ఓడారు. కాంస్య పోరులో బల్గేరియా చేతిలో 0-3.

ఇంత చెప్పి ఆ జట్టును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నన్నడిగితే ఆ నాలుగు ఒలింపిక్స్‌లో గొప్ప ప్రదర్శన మెల్‌బోర్న్‌ది కాదు, పతకాల పట్టికలో ఎక్కడా కనబడని 1960 రోమ్‌ది. అక్కడ మన గ్రూపులో హంగరీ, ఫ్రాన్స్, పెరూ ఉన్నాయి. ఆ ఏడు కాంస్యం గెలిచిన హంగరీ మన మీద 2-1 తేడాతోనే గట్టెక్కింది. ఆ ఒక్క గోల్ బలరామ్ చేశారు. ఫ్రాన్స్‌తో 1-1 డ్రా, ఆ గోల్ కెప్టెన్ పి.కె. బెనర్జీది. పెరూ చేతిలో 1-3తో ఓడాం, అందులోనూ మన గోల్ బలరామ్‌దే. ఎనిమిదేళ్ల ముందు హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 1-10తో కూలిన జట్టు ఇంత దూరం నడిచిందంటే, ఆ నడకను నేర్పిన మనిషి పేరు పెద్దాయన గారు ఇప్పటికే చెప్పారు.

ఇక ఆసియా. 1951లో ఢిల్లీలో ఇండోనేషియా, అఫ్గానిస్థాన్‌ల మీద 3-0తో గెలిచి, ఫైనల్లో సాహు మేవాలాల్ గోల్‌తో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం సాధించాం. ఆ పోటీల్లో 6 జట్లు ఆడాయి, 1962లో 8 జట్లు ఆడాయి. మధ్యలో 1954లో మనీలాలో గ్రూపు దశ దాటలేదు. 1958లో టోక్యోలో కాంస్య పోరులో ఇండోనేషియా చేతిలో 1-4తో ఓడి నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నాం. అంటే ఆ కాలంలో కూడా ఏకఛత్రాధిపత్యం ఏమీ లేదు. ఆసియాలో ముందు వరుసలో ఉన్న మూడు నాలుగు జట్లలో ఒకటిగా ఉంటూ, రెండుసార్లు అందరికంటే పైకి వెళ్లిన జట్టు మనది. నా లెక్క ప్రకారం మీ అబ్బాయి రాయదగిన వాక్యం ఇదే.

తార్నాక పాఠకుడు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీ జవాబులు నాన్నగారికి చదివి వినిపించాను. బలరామ్ సైకిలు ముచ్చట విని ఆయన చాలాసేపు మౌనంగా ఉండిపోయారు.

మరో రెండు సందేహాలు ఉన్నాయి. 1950 ప్రపంచకప్‌కు మన జట్టు అర్హత పొందినా, బూట్లు లేకుండా ఆడనివ్వమని చెప్పినందువల్ల వెళ్లలేదని మా అబ్బాయి చదివిన ఒక పుస్తకంలో ఉంది. అది సరైనదేనా? రెండోది, పతనం ఎప్పుడు, ఎందుకు మొదలైంది? రహీం గారి మరణంతోనే అంతా ముగిసిందని అనుకోవచ్చా?

జవాబు: బొల్లారం పెద్దాయన

బూట్ల కథ వినడానికి బాగుంటుంది కానీ కాలక్రమానికి నిలవదు. 1948లో లండన్ ఒలింపిక్స్‌లో తలిమెరెన్ ఆవో కెప్టెన్‌గా మన జట్టు ఫ్రాన్స్‌తో ఆడినప్పుడు ఎక్కువమంది వట్టికాళ్లతోనే ఆడారు. రెండు పెనాల్టీలు చేజార్చుకొని, సారంగపాణి రామన్ గోల్‌తో సమానంగా నిలిచి, ఆట ముగియబోతుండగా గోల్ ఇచ్చి 1-2తో ఓడారు. 1952లో హెల్సింకీ చలిలో కూడా చాలామంది బూట్లు లేకుండానే దిగారు. ప్రపంచకప్ తరువాత రెండేళ్లకు కూడా వట్టికాళ్లతో ఆడిన జట్టు, వట్టికాళ్ల కారణంగానే 1950లో ఆగిపోయిందంటే ఎలా నమ్ముతాం? హెల్సింకీలో ఆ 1-10 ఓటమి తరువాతే మన ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది.

అసలు సంగతి ఏమిటంటే, అర్హత పోటీల నుంచి మిగతా జట్లు తప్పుకోవడంతో మనకు ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే బ్రెజిల్ పిలుపు వచ్చింది. ఇటలీ, స్వీడన్, పరాగ్వేలతో ఒకే గ్రూపులో చోటు కూడా కేటాయించారు. ప్రయాణ ఖర్చులో పెద్ద భాగం భరించడానికి నిర్వాహకులు ముందుకు వచ్చారు. అయినా మన సమాఖ్య సాధనకు సమయం చాలదని, జట్టు ఎంపికలో ఇబ్బందులున్నాయని చెప్పి వెనక్కు తగ్గింది. ఆ రోజుల్లో మనవాళ్ల దృష్టిలో ఒలింపిక్స్‌కు ఉన్న విలువ ప్రపంచకప్‌కు లేదు. అప్పటి అగ్రశ్రేణి ఆటగాడు శైలేన్ మన్నా కూడా, తమకు ప్రపంచకప్ గురించి అంతగా తెలియదని, ఒలింపిక్సే సర్వస్వంగా ఉండేదని తరువాతి కాలంలో చెప్పారు. ఆ పుస్తకంలోని వాక్యాన్ని మీ అబ్బాయి ధైర్యంగా సరిదిద్దవచ్చు.

రెండో ప్రశ్నకు నేను జవాబు చెబితే మనసు నొచ్చుకున్న ముసలివాడి మాటగా ఉంటుంది. నాకంటే చిన్నవారు, ఆ తరువాతి రోజుల్లో మైదానంలో ఉన్నవారు చెబితే బాగుంటుంది.

జవాబు: బార్కాస్ బంతి

పెద్దాయన గారు అవకాశం ఇచ్చారు కాబట్టి రాస్తున్నాను. నేను బార్కాస్‌లో పుట్టి పెరిగాను. మా బస్తీలో ఇప్పటికీ క్రికెట్ కంటే ఫుట్‌బాల్‌కే జనం ఎక్కువ చేరతారు. పది పన్నెండేళ్ల పాటు నగర లీగులో ఆడాను.

రహీం గారి మరణంతో అంతా ఒక్కసారిగా కూలిపోయిందనడం సరికాదని నా అభిప్రాయం. ఆయన పోయిన మరుసటి ఏడాది, 1964లో, మన జట్టు ఆసియా కప్‌లో రన్నరప్‌గా నిలిచింది. దక్షిణ కొరియాను 2-0తో, హాంకాంగ్‌ను 3-1తో ఓడించి, ఆతిథ్య ఇజ్రాయెల్ చేతిలో మాత్రం 0-2తో ఓడింది. 1965-66లో మన ఆంధ్రప్రదేశ్ జట్టు రాష్ట్రాల మధ్య జరిగే జాతీయ పోటీ అయిన సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో జపాన్‌ను 1-0తో ఓడించి మన జట్టు కాంస్యం తెచ్చుకుంది. అప్పటి కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాదువారే. రహీం నాటిన చెట్టు ఆయన పోయాక కూడా ఏడెనిమిదేళ్లు కాయలు కాసిందన్నమాట. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన పురుషులకు దక్కిన ఆఖరి పతకం అదే.

ఎండిపోవడానికి కారణం మనం చెడిపోవడం కంటే మనం ఉన్నచోటే ఉండిపోవడం. దీనికి నేను ఎప్పుడూ కొరియా ఉదాహరణే చెబుతాను. 1954 ప్రపంచకప్‌కు వెళ్లిన దక్షిణ కొరియా హంగరీ చేతిలో 0-9, టర్కీ చేతిలో 0-7 తేడాతో ఓడింది. అంత ఘోరంగా ఓడినవాళ్లు మళ్లీ మళ్లీ అర్హత పోటీలకు వెళ్లారు. ఉత్తర కొరియా 1966 ప్రపంచకప్‌లో క్వార్టర్‌ఫైనల్ చేరింది, జపాన్ 1968 ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. మనమో, 1950లో వదులుకున్న తరువాత 1985 వరకు ప్రపంచకప్ అర్హత మ్యాచ్ ఒక్కటి కూడా ఆడలేదు. ముప్పై అయిదేళ్లు! రెండు తరాల ఆటగాళ్లు తమ సత్తా ఎంతో తెలుసుకునే అవకాశం లేకుండానే రిటైరైపోయారు. దక్షిణ కొరియాలో వృత్తి ఆటగాళ్ల లీగు 1983లో మొదలైంది, జపాన్‌లో 1993లో మొదలైంది. మనకు జాతీయ లీగు అనేది 1996లో గానీ రాలేదు. 1950లలో మన దేశవాళీ పోటీల్లో మ్యాచ్ 70 నిమిషాలే సాగేది. 90 నిమిషాల అంతర్జాతీయ మ్యాచ్‌లలో చివరి ఇరవై నిమిషాలు మనవాళ్లు ఎందుకు చతికిలపడేవారో దీన్నిబట్టి కొంత ఊహించవచ్చు.

హైదరాబాదు సంగతి వేరుగా చెప్పాలి. ఆ రోజుల్లో ఇక్కడి ఆటగాడికి పోలీసు శాఖలోనో, రైల్వేలోనో, సైన్యంలోనో ఉద్యోగం వచ్చేది, ఆ ఉద్యోగమే ఇల్లు నడిపేది. బడి నుంచి బస్తీ క్లబ్బుకు, అక్కడి నుంచి పోలీసు జట్టుకు ఒక దారి ఉండేది. ఆ దారిలో ప్రతి మలుపులోనూ ఆటను ఒకే పద్ధతిలో నేర్పే గురువులు ఉండేవారు, ఎందుకంటే వాళ్లలో చాలామంది రహీం దగ్గర నేర్చుకున్నవారే. ఎడమకాలితో ఆడలేనివాణ్ణి ఎడమకాలితోనే ఆడించడం, బంతిని ఆపకుండా ఒక్క తాకుతోనే అందించడం వంటి సాధన మా గురువుగారి కాలం వరకు నడిచింది. ఉద్యోగాలు తగ్గాక ఆటగాళ్లు కలకత్తాకు, గోవాకు వెళ్లిపోయారు. తరువాత తరువాత వెళ్లడానికి కూడా ఎవరూ మిగల్లేదు. నేను ఆడిన రోజుల్లో మాకు మైదానం దొరకడమే కష్టంగా ఉండేది. ఒక టోర్నమెంటు సెమీఫైనల్ మధ్యలో మమ్మల్ని పంపించివేసి అదే మైదానంలో పెళ్లి పందిరి వేయడం మొదలుపెట్టారు. ఆ రోజు మేము 1-0తో ముందంజలో ఉన్నాం, ఆ మ్యాచ్ మళ్లీ జరగనే లేదు.

జవాబు: లెక్కల పుస్తకం

బార్కాస్ సోదరులు చెప్పిన "ఉన్నచోటే ఉండిపోవడం" అనే మాటను ఆసియా కప్ అంకెలు బలపరుస్తున్నాయి. మన జట్టు ఇప్పటివరకు 1964, 1984, 2011, 2019, 2023 పోటీలలో, అంటే ఐదుసార్లు, ఆసియా కప్‌లో ఆడింది. వీటిలో చివరిది 2024 జనవరిలో ఖతార్‌లో జరిగింది. మొత్తం 16 మ్యాచ్‌లలో 3 గెలిచి, 1 డ్రా చేసుకొని, 12 ఓడింది. చేసిన గోల్స్ 12, ఇచ్చినవి 33. గెలిచిన మూడింటిలో రెండు 1964వే. మిగిలిన ఒక్కటి 2019లో థాయ్‌లాండ్ మీద 4-1తో సాధించినది. 1984లోనూ, 2024లోనూ ఒక్క గోల్ కూడా లేకుండా తిరిగి వచ్చాం.

అయినా ఈ దశాబ్దాలన్నీ చీకటే అనుకుంటే అన్యాయమవుతుంది. 2002 ప్రపంచకప్ అర్హత పోటీల తొలి దశలో మన జట్టు బెంగళూరులో యు.ఏ.ఈ.ని 1-0తో ఓడించి, 11 పాయింట్లతో, గ్రూపు విజేత కంటే ఒకే ఒక్క పాయింటు వెనుకబడి ఆగిపోయింది. 2019 సెప్టెంబరులో దోహాలో, అప్పటి ఆసియా విజేత ఖతార్‌ను గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధు ఒక్క గోల్ కూడా చేయనివ్వలేదు. ఆ 0-0 డ్రా నేను ఈ తరంలో చూసిన వాటిలో ఉత్తమమైన మ్యాచ్. 2023 నవంబరులో కువైట్‌లో కువైట్‌ను 1-0తో ఓడించాం. దక్షిణాసియా టోర్నమెంటును అదే ఏడాది తొమ్మిదోసారి గెలిచాం. కానీ ఆ విజయాన్ని ఆసియా స్థాయికి కొలమానంగా తీసుకోకూడదని నా మనవి.

మన నగరానికి ఈ కాలంలో కూడా చోటు ఉంది. 2008లో ఏ.ఎఫ్.సి. (ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య) ఛాలెంజ్ కప్‌లో మన జట్టు గ్రూపు మ్యాచ్‌లు, మయన్మార్‌తో సెమీఫైనల్ లాల్ బహదూర్ స్టేడియంలోనే ఆడింది. వర్షాలకు మైదానం చిత్తడి కావడంతో ఫైనల్‌ను ఢిల్లీకి మార్చారు. అక్కడ సునీల్ ఛెత్రీ హ్యాట్రిక్ చేయగా తజికిస్థాన్‌ను 4-1తో ఓడించి మన జట్టు 2011 ఆసియా కప్‌కు అర్హత సాధించింది. మయన్మార్ మ్యాచ్‌కు నేను గొడుగుతో వెళ్లాను. బురదలో బంతి కదలక ఆగిపోతుంటే, ఛెత్రీ చేసిన ఆ ఒక్క గోల్‌కు మా వరుసలోని ముక్కూమొహం తెలియని మనుషులందరం కౌగిలించుకున్నాం. 2022లో హైదరాబాద్ ఎఫ్.సి.ని లీగు విజేతగా నిలిపిన మనోలో మార్కెజ్ రెండేళ్ల తరువాత జాతీయ కోచ్ అయ్యారు. మీ అబ్బాయి గచ్చిబౌలిలో చూసింది ఆయన కొలువులోని తొలి టోర్నమెంటునే.

ఆ తరువాతి సంగతి బాధాకరం. 2025లో ఖాలిద్ జమీల్ కోచ్‌గా వచ్చి మధ్య ఆసియా టోర్నమెంటులో ఒమన్‌ను షూటౌట్‌లో ఓడించి మూడో స్థానం సాధించగానే ఆశలు చిగురించాయి. కానీ అక్టోబరులో గోవాలో సింగపూర్ చేతిలో 1-2తో ఓడటంతో 2027 ఆసియా కప్ దారి మూసుకుపోయింది. నవంబరులో ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో కూడా 0-1తో ఓడాం. 1996లో ప్రపంచ ర్యాంకింగ్స్‌లో 94వ ర్యాంకు వరకు ఎక్కిన జట్టు ఇది.

జవాబు: నిజామాబాద్ అమ్మాయి తల్లి

ఇప్పటివరకు అందరూ పురుషుల జట్టు గురించే మాట్లాడారు కాబట్టి ఒక్క విషయం చేర్చాలనిపించింది. ప్రశ్న "జాతీయ జట్టు" గురించి కదా, మహిళల జట్టు కూడా జాతీయ జట్టే. ఆసియా మహిళల పోటీలలో మన అమ్మాయిలు 1980లో కోళికోడ్‌లోనూ, 1983లో బ్యాంకాక్‌లోనూ రన్నరప్‌గా నిలిచారు. తరువాత సుదీర్ఘమైన ఉపేక్ష. 2025 వేసవిలో చియాంగ్‌మాయ్‌లో జరిగిన అర్హత పోటీల్లో మంగోలియాను 13-0తో, తిమోర్‌ను 4-0తో, ఇరాక్‌ను 5-0తో ఓడించి, జూలై 5న ఆతిథ్య థాయ్‌లాండ్‌ను 2-1తో గెలిచి ఆసియా కప్‌కు వెళ్లారు. అర్హత పోటీల ద్వారా ఆ అర్హత సంపాదించడం మన మహిళలకు అదే మొదటిసారి. రెండు గోల్స్ సంగీతా బాస్‌ఫోర్‌వి. థాయ్‌లాండ్ అంటే రెండుసార్లు మహిళల ప్రపంచకప్ ఆడిన జట్టు.

భారత జట్టుకు ఆడిన గుగులోత్ సౌమ్య మా నిజామాబాద్ జిల్లా అమ్మాయి. మా అమ్మాయి ఆమెను చూసే బంతి పట్టింది. మేము ఇప్పుడు హైదరాబాదులోనే ఉంటున్నాం, ఆదివారాలు మా అమ్మాయిని సాధనకు తీసుకువెళుతుంటాను. "మనవాళ్లు ఎప్పుడైనా పెద్ద జట్టు మీద గెలిచారా?" అని మీ అబ్బాయి అడిగిన ప్రశ్నకు ఈ మధ్య కాలపు జవాబు చియాంగ్‌మాయ్‌లో ఉంది.

తార్నాక పాఠకుడు

అమ్మా, ఆ మాట మాకు తట్టనే లేదు. మీరు చెప్పాక వ్యాసంలో దానికి ఒక పేరా చేర్చాడు. బార్కాస్ సోదరులకు, లెక్కల పుస్తకం గారికి, పెద్దాయన గారికి ఎంతో రుణపడి ఉన్నాం.

మా అబ్బాయి వ్యాసాన్ని జకార్తాలో తొలి మ్యాచ్ ఓటమితో మొదలుపెట్టాడు. "ముందు ఓడిన కొరియా మీదే ఫైనల్లో గెలిచారా?" అని నన్ను మూడుసార్లు అడిగి రూఢి చేసుకున్నాడు. తలకు కట్టుతో ఉన్న జర్నైల్ సింగ్ బొమ్మ గీశాడు. బలరామ్ బొమ్మ కోసం సైకిలు గీయడం కుదరక తాతయ్య చేత గీయించుకున్నాడు. నాన్నగారు చక్రాలకు ఆకులు లెక్కపెట్టి మరీ వేశారు. ఒలింపిక్స్ 8 మ్యాచ్‌ల లెక్కను కూడా రాస్తానని వాడు అంటే మొదట నాన్నగారు ఒప్పుకోలేదు, రోమ్‌లో ఫ్రాన్స్‌తో డ్రా చేసిన సంగతి పక్కనే రాస్తానన్నాక సరేనన్నారు.

పెద్దాయన గారూ, నాన్నగారు మిమ్మల్ని ఒకసారి కలవాలని అంటున్నారు. 1950లలో బొల్లారం మైదానంలో ఆయన కూడా ఆడారట. మీకు వీలైన ఆదివారం చెబితే ముగ్గురమూ వస్తాం.